చేప వెనకాల ఎవరున్నారో చెప్పకు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావట. మాయలూ మంత్రాలూ ఉన్న పెద్ద నవల రాస్తావట. దాని మధ్యలో పెట్టడానికి పాత కథలు కావాలని ఆగస్టులో గోదారి మధ్య లంక ఊళ్ళన్నీ తిరుగుతావట. మీ అమ్మని ఓదార్చి ఫోన్ పెట్టేశాను గానీ తెల్లారేదాకా నాకూ నిద్ర పట్టలేదు. సగం గర్వం, సగం టెన్షన్. మన ఇంట్లో కథలు చెప్పినవాళ్ళే గానీ రాసినవాళ్ళు లేరు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. ఏడాది ఖర్చుకు డబ్బు పక్కన పెట్టుకో. రోజూ ఒకే వేళకు కూర్చో. రాసింది రెండు చోట్ల దాచుకో. వేళకు తిను.

ఇక అసలు సంగతి. నీ నవల్లో ఒక ముసలావిడ పిల్లలకు కథ చెబుతుందనీ, అందులో రాజ్యం రహస్యం దాగి ఉంటుందనీ, చివర్లో ఒక పండితుడు దాని అర్థం విప్పుతాడనీ మీ అమ్మ చెప్పింది. ఆ పండితుడి మాట వినగానే నా గుండె గుభేలుమంది.

నువ్వు సెలవులకు వచ్చి వదిలేసి వెళ్ళిన హ్యారీ పాటర్ ఏడో పుస్తకం గుర్తుందా? డిక్షనరీ పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. అందులో ముగ్గురు అన్నదమ్ముల కథ ఉంది. మనుషులు మునిగిపోయే ఏటి మీద మంత్రంతో వంతెన వేసి దాటేస్తారు. తనకు రావాల్సినవాళ్ళు తప్పించుకున్నారని మృత్యువుకు కోపం. గోదారి ఒడ్డున పుట్టినదాన్ని, ఆ కోపం నాకు కొత్త కాదు. హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీ ఆ కథ 'సంధ్యవేళ' అని చదువుతుంటే, ఇంకో స్నేహితుడు రాన్ అడ్డొచ్చి 'మా అమ్మ ఎప్పుడూ అర్ధరాత్రి అనేది' అంటాడు. అక్కడే నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆ ఒక్క మాటతో ఆ కథకు వెనకాల ఎన్నో ఇళ్ళూ, ఎందరో అమ్మలూ వచ్చేశారు. వాళ్ళ స్నేహితురాలు లూనా తండ్రేమో కథలో మృత్యువు ఆ ముగ్గురికీ ఇచ్చిన మూడు వస్తువులూ నిజంగా ఉన్నాయంటాడు. హెర్మయొనీ నీతికథే పొమ్మంటుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ హ్యారీ తనంతట తానే చావుకు ఎదురు నడిచినప్పుడు గానీ, చివరికి మృత్యువును స్నేహితుడిలా పలకరించి వెంట వెళ్ళిన ఆ మూడో తమ్ముడు మనకు అర్థం కాడు. అది నడిచి చూపించాడు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

మనవాళ్ళకూ ఇది కొత్త కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. అందులో దాగి ఉన్నది తమ ఇద్దరి సరసమే. తీరా ఆ కథే భూమ్మీద జరుగుతుంది. ఏడు చేపల కథే చూడు. రాజంటే జీవుడు, ఏడుగురు కొడుకులు ఒంట్లోని సప్తధాతువులు, గడ్డిమోపు అజ్ఞానం, ఆవు జ్ఞానం అని వ్యాఖ్యానం చెబుతారు. బాగుంటుంది. కానీ అవేమీ తెలియని మూడేళ్ళ పిల్ల కూడా 'నా పుట్టలో వేలు పెడితే కుట్టనా' దగ్గర కిలకిలా నవ్వుతుంది. నీ కథ ముందు ఆ పిల్లకు నచ్చాలి.

వ్యాఖ్యానం అంటే నాకెందుకు భయమో ఇప్పుడు చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, మాకు చిన్నప్పుడు ఒక కథ చెప్పేది. ఏటి గట్టున ఒక అవ్వ ఉంటుంది. రోజూ అన్నం తినే ముందు ఒక ముద్ద ఏట్లో వేస్తుంది. చేప పైకొచ్చి, 'అవ్వా అవ్వా, ఈ ముద్ద నాకేనా?' అంటుంది. 'నీకు కాదులే, నీ వెనకాల ఉన్నవాడికి' అంటుంది అవ్వ. మర్నాడు మొసలి వస్తుంది, తర్వాత తాబేలు వస్తుంది. అందరికీ అదే జవాబు. 'వెనకాల ఎవరే అమ్మా?' అని మేం అడిగితే, 'రేపు చెబుతా, పడుకోండి' అనేది. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

1984లో మా స్కూల్ వార్షికోత్సవంలో నేను ఆ కథ చెప్పాను. అప్పటికి తెలుగు టీచర్నయి నాలుగేళ్ళు, ఒళ్ళంతా పాండిత్యమే. కథ చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఏరంటే సంసారం, చేపంటే ఆశ, ముద్దంటే దానగుణం, వెనకాల ఉన్నవాడు పరమాత్మ అని విడమరిచి చెప్పాను. చప్పట్లు మోగిపోయాయి. మొదటి వరసలో అమ్మ కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టలేదు. ఒళ్ళో పైటకొంగు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. ఇంటికి వెళ్ళే దారిలో 'బాగా చెప్పావమ్మా' అంది. అంతే. ఆ తర్వాత ఆ కథ ఆవిడ నోట మళ్ళీ వినలేదు. నీకూ చెప్పలేదు, చూశావా?

ఆవిడ పోయాక, పదకొండో రోజున మా మేనత్త చెప్పింది. 1953 ఆగస్టు వరదల్లో అమ్మకు మొదటి బిడ్డ పోయాడట. నాలుగేళ్ళవాడు. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆ పిల్లాడి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

అమ్మ భోజనానికి కూర్చుంటే కంచం అంచున చిన్న ముద్ద ఒకటి, వేళ్ళ గుర్తులు పడేలా నొక్కి పక్కన పెట్టేది. కంచాలు కడగడానికి కాలవ రేవులో దిగినప్పుడు దాన్ని నీళ్ళలో వదిలేది. కాకులకనో చేపలకనో అనుకునేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్ళు రోజూ చూశాను తల్లీ. చూస్తూనే స్టేజీ ఎక్కి పరమాత్మ అన్నాను.

అందుకే చెబుతున్నాను. నీ పండితుణ్ణి తీసేయమనను, ఉంచు. వాడి చేత అద్భుతంగా అర్థం చెప్పించు, చదివేవాళ్ళు ఔనౌననాలి. ఆ ముసలావిణ్ణి అక్కడే కూర్చోబెట్టు, నోరు మెదపనీయకు. ఆవిడ ఆ కథ ఆ రాత్రే, ఆ పిల్లలకే ఎందుకు చెప్పిందో నీకు మాత్రం తెలిసి ఉండాలి. తాళంచెవి కథ లోపల పెట్టకు. నూరు పేజీల ముందు, ఎవరో అన్నం తింటున్న చోట, ఎవరూ పట్టించుకోని పనిగా పెట్టెయ్. పట్టుకున్నవాళ్ళు పట్టుకుంటారు.

ఇక్కడ కథలు చెప్పే ముసలాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫోన్ రికార్డర్ మొహం మీద పెట్టకు. 'దీని అర్థమేంటి?' అని అసలు అడగకు. వాళ్ళతో కలిసి చిక్కుడుకాయలు ఈనెలు తియ్యి, చింతపండు పిక్కలు తియ్యి. ఇష్టమైతే వాళ్ళే చెబుతారు.

ఆగస్టు మాట మాత్రం మానుకో. నీకు చాదస్తంలా అనిపించవచ్చు. ఎర్రనీళ్ళు దిగాక, లంకల్లో దారులు ఆరాక, సంక్రాంతికి రా. అప్పుడు నేనే నీ వెంట ఉండి ఊరూరా తిప్పుతాను. అమ్మ కథ తెలిసినంతవరకు ఆవిడ చెప్పినట్టే చెబుతాను, ఒక్క ముక్క అర్థం కలపను. తర్వాత ఏమైందో నువ్వు రాసుకో. నాకు చదివి వినిపించు.

కోటిపల్లి వైపు నుంచి దగ్గరని ఏరు దాటించే పంటు ఎక్కేవు. వద్దు. చుట్టైనా రావులపాలెం మీదుగా బస్సులో రా. వంతెన దాటగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ