చిన్న గదికి పెద్ద స్పీకర్లు కొనబోయే ముందు

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు అని టేపు పెట్టి కొలిచి మరీ రాశావు. ఆ అంకెలు లేకుండా నేనేం చెప్పినా చీకట్లో రాయి విసిరినట్టే అయ్యేది.

ఒక్కొక్క దాంట్లో రెండేసి ఎనిమిదంగుళాల వూఫర్లు (బాస్, అంటే కింది స్వరాలు పలికేవి) ఉన్న టవర్ స్పీకర్లు కొందామనుకుంటున్నావు. ఇప్పుడే వద్దు. ఒక్క నెల ఆగు. ఎందుకో చెప్తాను.

నీ వయసులో నేనూ అదే పని చేశాను. నీ గదికంటే కాస్త చిన్న గదిలో, నా ఛాతీ ఎత్తు వచ్చే టవర్లు తెచ్చి రెండు మూలల్లో నిలబెట్టాను. మొదటి రాత్రే ఏదో తేడాగా అనిపించింది. బాస్ గిటార్ వాయిస్తుంటే ఒక్క స్వరం మాత్రం ఉబ్బిపోయి గదంతా ఊపేసేది, దాని పక్కనున్న స్వరం ఉందో లేదో తెలిసేది కాదు. పాడేవాళ్ళ గొంతు దుప్పటి కప్పినట్టు మూసుకుపోయింది. లోపం ఆంప్లో (స్పీకర్లని నడిపే యాంప్లిఫయర్‌లో) ఉందనుకుని ఆంప్ మార్చాను. తర్వాత వైర్లు మార్చాను. అలా రెండేళ్ళు గడిచాయి. ఒకసారి గోడలకి రంగులేయిస్తూ సామానంతా గది మధ్యకి జరిపాం. ఆ గజిబిజిలోనే కుర్చీ ఒకటి ఖాళీ చేసుకుని కూర్చుని పాట పెట్టాను. ఆ మోత లేదు. అవే స్పీకర్లు, అదే ఆంప్. మారింది స్పీకర్లూ నేనూ ఉన్న చోటు మాత్రమే. రెండేళ్ళ పాటు పాటలు సరిగ్గా వినలేకపోయానే అని ఇప్పటికీ బాధేస్తుంది. నీకు అలా కాకూడదని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానితో 343ని భాగించు. ఆ రెండు గోడలూ కలిసి ఏ స్వరాన్ని పట్టుకుని ఊపుతాయో వస్తుంది. నీ గది పొడవు 3.66 మీటర్లు, అంటే 47 హెర్ట్జ్ (సెకనుకి 47 కంపనాలు). వెడల్పు 3.05 మీటర్లు, అంటే 56 హెర్ట్జ్. ఎత్తు కూడా అంతే కాబట్టి మళ్ళీ అదే 56. నీ గదికున్న అసలు ఇబ్బంది ఇదే. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో రెండు మోతలూ ఒకే చోట పడుతున్నాయి. బాస్ గిటార్‌లో ‘ఏ’ తీగని వట్టిగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. కొన్ని పాటల్లో బాస్ గుమ్మని కమ్మేస్తోంది, కొన్నిట్లో అసలు తెలియట్లేదు అని రాశావు చూడు, ఏ పాట ఏ శ్రుతిలో ఉందన్నదాన్ని బట్టి అలా జరుగుతుంది. పాత స్పీకర్ల తప్పు అందులో తక్కువ.

ఇప్పుడు ఆ గదిలోకి ఇంకా కిందికి దిగి, ఇంకా గట్టిగా మోగే వూఫర్లు నాలుగు తెచ్చిపెడితే ఏమవుతుందో ఆలోచించు. 56 దగ్గర ఉబ్బు ఇంకా పెరుగుతుంది. పైగా టవర్లలో మూడు నాలుగు డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు) పైనుంచి కింది దాకా పరుచుకుని ఉంటాయి. వాటి శబ్దాలు కలిసి ఒక్కటిగా వినపడాలంటే కొంత దూరం కావాలి. నువ్వు కూర్చునేది ఆరడుగుల దూరంలో. అంత దగ్గర నుంచి వింటే గొంతు ఒక ఎత్తు నుంచీ బాస్ మరో ఎత్తు నుంచీ వస్తున్నట్టు అనిపించవచ్చు.

కాబట్టి ముందు ఖర్చు లేని పని చెయ్యి. నీ పాత స్పీకర్లతోనే చెయ్యి.

ఇప్పుడు ఒక స్పీకర్ మూలలో టేబుల్ మీద, ఇంకోటి పుస్తకాల అరలో ఉన్నాయన్నావు. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంది. గదిలో పుట్టే ప్రతి మోతా గోడల దగ్గర పోగవుతుంది, మూలల్లో ఇంకా ఎక్కువ. మూలలో స్పీకర్ పెడితే గదిలోని మోతలన్నిటినీ లేపుతుంది. గోడకి తల ఆనించి కూర్చుంటే ఆ పోగంతా నీ చెవిలో పడుతుంది. అలాగని గదికి సరిగ్గా మధ్యలో కూర్చోవద్దు, అక్కడ పొడవు వల్ల వచ్చే 47 దాదాపు మాయమైపోతుంది.

నేనైతే నీ గదిలో ఇలా మొదలుపెడతాను. స్పీకర్లు పదడుగుల గోడ ముందు ఉండి, పొడవు వైపు చూడాలి. వూఫర్ ముఖం స్పీకర్ వెనకున్న గోడకి రెండడుగులు, పక్క గోడకి రెండున్నర అడుగుల దూరంలో ఉండాలి. అప్పుడు రెండు స్పీకర్ల మధ్య అయిదడుగులు ఉంటాయి. నీ చెవులు నీ వెనక గోడకి నాలుగున్నర అడుగులు ముందుకి రావాలి. అలా కూర్చుంటే ఒక్కో స్పీకర్ నీకు సుమారు ఆరడుగుల దూరంలో ఉంటుంది. రెండు స్పీకర్లూ గది మధ్యగీతకి అటూ ఇటూ సమానంగా ఉండటం, నువ్వు సరిగ్గా ఆ గీత మీదే కూర్చోవడం ముఖ్యం. అలా చేస్తే వెడల్పు వల్ల వచ్చే 56 చాలావరకు అణిగిపోతుంది. ఎత్తు వల్ల వచ్చే 56 మాత్రం మిగులుతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

పక్క గోడకి, వెనక గోడకి, నేలకి దూరాలు ఒకటే ఉండకూడదు. స్పీకర్ నుంచి బాస్ వెనక్కి కూడా వెళ్ళి గోడకి తగిలి తిరిగొస్తుంది. అది తిరిగొచ్చే వేళకి ముందుకి వెళ్ళే శబ్దానికి ఎదురుగా పడితే, రెండూ కలిసి తగ్గిపోతాయి. ఆ దూరాన్ని మీటర్లలో తీసుకుని, నాలుగుతో గుణించి 343ని భాగిస్తే ఎక్కడ గుంట పడుతుందో తెలుస్తుంది. రెండడుగులకి 140 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మూడు దూరాలూ రెండడుగులే అయితే మూడు గుంటలూ ఒకే చోట పడి, మగవాళ్ళ గొంతులో నిండుతనం పోతుంది. వేర్వేరుగా ఉంటే ఒక్కొక్కటీ చిన్నగా ఉండి సర్దుకుంటుంది.

ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్) నీ చెవి ఎత్తులో ఉండాలి. స్టాండ్లు బరువుగా, కదలకుండా ఉంటే చాలు. స్పీకర్లని లోపలికి కొద్దిగా తిప్పి, గొంతు సరిగ్గా మధ్యలో నిలబడేదాకా అంగుళం అంగుళం జరుపుతూ విను. కుదిరిన చోట నేల మీద టేపు అంటించు. తుడిచేటప్పుడు జరిగిపోతే మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. అన్నట్టు, రెండు స్పీకర్ల వెనకా ఎరుపు, నలుపు వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. ఒకదానికి తారుమారైతే బాస్ పల్చబడిపోతుంది, గొంతు మధ్యలో నిలవదు.

ఇదంతా చేశాక కూడా కొత్తవి కావాలనిపిస్తే, తప్పకుండా కొను. అయిదు లేదా ఆరున్నర అంగుళాల వూఫర్ ఒకటి, ట్వీటర్ ఒకటి ఉన్న చిన్న స్పీకర్లు చూడు. చిన్నవంటే తక్కువరకం అని అనుకోకు. 1970ల్లో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాలకి వెళ్ళే వ్యాన్లలో వాడటానికి ఎల్ఎస్ 3/5ఏ అనే స్పీకర్ తయారుచేశారు. ఎత్తు ముప్ఫై సెంటీమీటర్లు, లోపల సుమారు అయిదు లీటర్ల ఖాళీ. వ్యాన్ అంటే నీ గదికంటే ఇరుకు. అక్కడ కూర్చున్నవాళ్ళు గొంతు ఉన్నదున్నట్టు వినిపిస్తోందా లేదా తేల్చాలి. అందుకే లోతైన బాస్‌ని వదులుకుని, గొంతు పలికే భాగం మీద శ్రద్ధ పెట్టారు. దాన్ని ఇప్పటికీ తయారుచేస్తున్నారు, వెతికి కొనుక్కునేవాళ్ళున్నారు.

బాక్స్ వెనకో ముందో గొట్టంలాంటి రంధ్రం ఉంటే దాన్ని పోర్ట్ అంటారు. అది లేకపోతే సీల్డ్ బాక్స్. పోర్ట్ ఉన్నది ఒక హద్దు దాకా బాస్ బాగా ఇచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది, ఆక్టేవ్‌కి (హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ (శబ్దం గట్టితనం కొలత) చొప్పున. సీల్డ్ బాక్స్ ముందు నుంచే మెల్లగా, 12 చొప్పున తగ్గుతుంది. కాగితం మీద రెండోదాని బాస్ తక్కువగా కనపడుతుంది. కానీ గోడలు దగ్గరగా ఉన్న చిన్న గది కింది స్వరాలని తనంతట తనే పెంచుతుంది కాబట్టి ఆ మెల్లగా తగ్గడం దానికి బాగా నప్పుతుంది. నా మనసు సీల్డ్ వైపే. పోర్ట్ ఉన్నదే నచ్చితే రంధ్రంలో పెట్టే ఫోమ్ బిరడాలు ఇస్తారేమో అడుగు.

చిన్న గదిలో నీ చెవికి చేరే శబ్దంలో చాలా భాగం గోడలకి తగిలి వచ్చేదే. అందుకని స్పీకర్ ఎదురుగా కూర్చుని విన్నప్పుడు బాగుంటే సరిపోదు. ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త స్పీకర్లని తెర వెనక పెట్టి, ఏది ఏదో తెలియకుండా జనానికి వినిపించి ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. ఎదురుగా సమంగా పలుకుతూ, పక్కకి వెళ్ళే శబ్దం కూడా ఎగుడుదిగుడులు లేకుండా ఉన్న స్పీకర్లనే ఎక్కువమంది ఇష్టపడ్డారు. కొనేముందు నువ్వూ పరీక్షించు. పాట నడుస్తుండగా లేచి పక్కకి నడు. గొంతు కాస్త మెత్తబడొచ్చు, కానీ అది వేరే మనిషి గొంతులా మారిపోకూడదు.

రెండు జతలని పోల్చేటప్పుడు రెండూ ఒకే వాల్యూమ్‌లో ఉండేలా చూసుకో. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ చాలు. కొంచెం గట్టిగా మోగేదే చెవికి మంచిదనిపిస్తుంది, అమ్మేవాళ్ళకి ఆ సంగతి తెలుసు. నీకు బాగా తెలిసిన పాటలే పెట్టు. వీలైతే ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు విని వెనక్కివ్వడానికి ఒప్పుకునే చోటే కొను.

ఆంప్ గురించి టెన్షన్ పడకు. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) ఉన్న స్పీకర్‌ని ఆరడుగుల దూరం నుంచి వింటే మామూలు వాల్యూమ్‌కి ఒక వాట్ కూడా పట్టదు. నీ దగ్గరున్న నలభై వాట్ల ఆంప్ ధారాళంగా సరిపోతుంది. వైర్లకి రాగి వైరు, ఓ మోస్తరు మందం ఉంటే చాలు. మిగిలిన డబ్బు గది మీద పెట్టు.

గది మీద అంటే ఏమిటో చెప్తాను. నువ్వు కూర్చున్న చోటే ఉండి, పక్క గోడ మీద ఒకరిని అద్దం జరపమను. అద్దంలో స్పీకర్ కనపడిన చోట శబ్దం గోడకి తగిలి నీ వైపు వస్తోందన్నమాట. అక్కడ శబ్దాన్ని పీల్చుకునే పీచు పలక, నాలుగంగుళాల మందం గ్లాస్‌వూలో రాక్‌వూలో గుడ్డ చుట్టి ఫ్రేమ్‌లో బిగించి పెట్టు. రెండు వైపులా పెట్టాలి. ముందు నేల మీద మందపాటి తివాచీ ఉంటే మంచిది. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మాటలు ఒకదానిమీద ఒకటి పడి ఏమీ అర్థమయ్యేది కాదట. బాగుచెయ్యమంటే వాలెస్ సబైన్ అనే యువ ప్రొఫెసర్ పక్క థియేటర్ నుంచి సీట్ల కుషన్లు రాత్రుళ్ళు మోయించుకొచ్చి, ఎన్ని కుషన్లకి మారుమోత ఎంత తగ్గుతుందో ఒక్కొక్కటిగా లెక్కకట్టాడు. గది శబ్దాన్ని లెక్కలోకి తెచ్చిన శాస్త్రం అలా మొదలైంది. ఆ కథ నాకెంతో ఇష్టం.

పల్చటి ఫోమ్ పలకలు గోడనిండా అంటించే పని మాత్రం చెయ్యకు. అవి పై స్వరాలని మాత్రమే మింగుతాయి. 100 హెర్ట్జ్ తరంగం పొడవు మూడు మీటర్లు దాటుతుంది, దానికి అంగుళం ఫోమ్ అడ్డమే కాదు. పైన మూగబోయి, కింద మోత మాత్రం అలాగే ఉంటుంది.

ఇక మిగిలిన 56 సంగతి. మూలల్లో మందంగా వూల్ నింపిన పలకలు పెడితే కొంత తగ్గుతుంది. ఇంకా మిగిలితే, ఒక్కో స్వరం గట్టితనాన్ని విడిగా మార్చే ఈక్వలైజర్‌తో సరిగ్గా ఆ చోటే, సన్నగా, అయిదారు డెసిబెల్స్ దించు. ఉబ్బుని దించొచ్చు కానీ గుంటని నింపడానికి ప్రయత్నించకు. ఆంప్‌కి, వూఫర్‌కి శ్రమ తప్ప ఫలితం ఉండదు. గుంట ఉంటే కుర్చీని ఓ అడుగు జరిపి చూడు.

సబ్‌వూఫర్ (లోతైన బాస్ కోసమే ఉండే విడి స్పీకర్) ఆలోచన ఏడాది తర్వాత పెట్టుకో.

ఈ ఆదివారం సోఫాని ముందుకి జరిపి, స్పీకర్లని నేను చెప్పిన కొలతల్లో పెట్టు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఆంప్‌కి కలిపి, వాల్యూమ్ తక్కువ పెట్టి, 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా రెండేసి పెంచుకుంటూ పో. ఏ అంకె దగ్గర ఉబ్బింది, ఏ అంకె దగ్గర మాయమైంది అని ఒక కాగితం మీద రాయి. పాత చోట ఒకసారి, కొత్త చోట ఒకసారి. ఆ రెండు కాగితాలూ ఫోటో తీసి నాకు పంపు. అవి చూశాక వూఫర్ అయిదంగుళాలదా, ఆరున్నరదా అన్నది ఇద్దరం కలిసి తేలుద్దాం.

నీ
పెదనాన్న