సర్జన్ గారి గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

పోయిన సర్జన్ గారి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. నాలుగో పేజీలో నర్సు చెప్పిన సంగతి ఒకటుంది. ఆపరేషన్‌లో రక్తం అద్దడానికి లోపల పెట్టిన గుడ్డల లెక్క, కడుపు మూసే ముందు తేలకపోతే ఆ పెద్దాయన కుట్లు మొదలుపెట్టేవారు కాదట. గ్లవ్సు చేతులు గుండెల దగ్గర పెట్టుకుని, "ఇంకోసారి లెక్కపెట్టమ్మా" అని నిలబడేవారట. చదువుతూ అక్కడ ఆగిపోయాను.

కానీ అక్కడికి చేరేలోపు ఎంత విసిగించావో! అపర ధన్వంతరి, చేతిలో అమృతం, రోగుల పాలిట దేవుడు. ఏ డాక్టరు పోయినా ఇవే అచ్చవుతాయి, పేరు మారుస్తారంతే. దేవుడైతే గుడ్డలు రెండోసారి లెక్కపెట్టించాల్సిన పనేముంది?

ఇంకో సంగతి. నీ వ్యాసంలో ఒక్క రోగీ చనిపోలేదు. అన్నేళ్లు కత్తి పట్టిన మనిషి విషయంలో ఇది నమ్మే మాటేనా? ఆపరేషన్ తర్వాత చీము పట్టినవాళ్లు, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వచ్చినవాళ్లు, ఇంటికి వెళ్లనివాళ్లు, వీళ్లందరూ ఆయన సర్వీసులో భాగమే. వాళ్లని తీసేసి రాస్తే ఆయన్ని గౌరవించినట్టు కాదు.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరపు సర్జన్ థియోడర్ కోకర్‌కి 1909లో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి సర్జన్ ఆయనే. మన సంస్మరణ సంచికలవాళ్లయితే అక్కడితో చుక్క పెట్టేస్తారు. గాయిటర్, అంటే మెడ దగ్గర థైరాయిడ్ వాపు, ఉన్నవాళ్లకి ఆ గ్రంథి మొత్తం తీసేసిన ఆయన, తర్వాత వాళ్లని తిరిగి పిలిపించి చూస్తే చాలామంది మొహాలు ఉబ్బి, బుద్ధి మందగించి ఉన్నారు. దాచలేదు. 1883లో సర్జన్ల సభలోనే చెప్పి, గాయిటర్‌కి అలా మొత్తం తీసెయ్యడం మానేశాడు.

బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్ ఇంకా మొండివాడు. ఆపరేషన్ చేసిన ప్రతి మనిషికీ కార్డు రాయాలి, కనీసం ఏడాది తర్వాత ఎలా ఉన్నాడో చూసి నమోదు చెయ్యాలి అనేవాడు. తన చిన్న ఆసుపత్రిలో 1911 నుంచి 1916 దాకా చూసిన 337 మందికి సంబంధించి 123 పొరపాట్లు జరిగాయని తనే అచ్చువేశాడు. తోటి డాక్టర్లకి కంటగింపయ్యాడు. 1940లో పోతే సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2014లో గానీ పెట్టలేదు.

నేనూ ఒకప్పుడు ఓ సర్జన్ గారి సంస్మరణ సంచికకి రాశాను. టేబుల్ మీద బిడ్డ పోయిన రాత్రి, జూనియర్ని పంపకుండా ఆయనే వెళ్లి తల్లికి చెప్పిన సంగతి అందులో ఉంది. సంపాదకుడు దాన్ని ఎత్తేసి, ఆ జాగాలో అవార్డుల పట్టిక వేశాడు. "పోయినవాళ్ల గురించి ఇలాంటివి బాగుండవండీ" అన్నాడు. ఆ పారితోషికంతో ఇంట్లో అవసరం ఉంది, గొడవ పడలేదు. కవరు మాత్రం ఖరీదైన ఆర్ట్ పేపరు! ఇప్పటికీ మండుతుంది.

నువ్వు వెళ్లి ఆయనతో పనిచేసిన మత్తు డాక్టర్ని కలువు. రక్తం ఆగనప్పుడు ఆయన గొంతు పెరిగేదా, తగ్గేదా అడుగు. సర్జరీ నేర్చుకునే పీజీ డాక్టర్లకి మొదటిసారి కత్తి ఎప్పుడు చేతికిచ్చేవారో అడుగు. మరణాల మీద జరిగే మీటింగులో తన కేసు తనే చెప్పుకునేవారా, కింది వాళ్ల మీదికి తోసేవారా, అదీ ఆరా తియ్యి. తోసేవారని తేలితే అదీ రాయి. రోగుల పేర్లు మాత్రం వద్దు.

శీర్షిక సంగతి, ఏ పత్రికకి పంపాలన్న సంగతి నన్నడక్కు. ఫొటో ఏది వెయ్యాలన్నావు కదా, శాలువా కప్పించుకున్నది వద్దు. మాస్కు కట్టుకున్నది దొరికితే, మొహం కనబడకపోయినా సరే, అదే వెయ్యి.

ఆశీస్సులతో.