విజయవాడలో భయం లేకుండా సైకిల్ తొక్కాలంటే ఎటు వెళ్లాలి?

"సత్యనారాయణపురంలో ఉంటాం, సైకిల్ కొన్నాను కానీ రోడ్డెక్కాలంటే టెన్షన్‌గా ఉంది, ఎటు తొక్కితే బాగుంటుంది?" అని అడిగారు కదండీ. దారి కంటే ముందు టైం చూసుకోండి. మన ఊళ్లో అదే రోడ్డు పొద్దున్న ఐదున్నరకు ఒకలా ఉంటుంది, స్కూలు బస్సులు, ఆటోలు దిగాక ఇంకోలా ఉంటుంది.

మీ పక్కనే బీఆర్‌టీఎస్ రోడ్డు (బస్సులకు ప్రత్యేక దారి ఉండేలా వేసింది) ఉంది. పాత రైలు పట్టాల జాగాలో వేసింది కాబట్టి వంకరలు తక్కువ, వెడల్పు ఎక్కువ. తెల్లవారుజామున వాకింగ్‌కి వచ్చేవాళ్లు ఉంటారు, ఒంటరిగా అనిపించదు. మొదట్లో అక్కడే మధురానగర్ వైపు వెళ్లి రండి. కుడి భుజం మీదుగా వెనక్కి చూసినా హ్యాండిల్ వంకర పోకుండా తొక్కడం వచ్చేదాకా ఇంకెక్కడికీ వెళ్లొద్దు. ఊళ్లో ప్రాణం కాపాడేది ఆ ఒక్క అలవాటే అని నా నమ్మకం.

అది వచ్చాక, ఆదివారం పొద్దున్నే గవర్నర్‌పేట, పోలీస్ కంట్రోల్ రూం మీదుగా ప్రకాశం బ్యారేజీకి వెళ్లండి. నాకు ఈ ఊళ్లో అంతకంటే ఇష్టమైన దారి లేదు. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు కిలోమీటరు పైనే. భారీ వాహనాలను రానివ్వరు కాబట్టి వెనక లారీ హారన్ ఉండదు. ఎడమ పక్క సూర్యోదయం, కుడి పక్క నిండుగా కృష్ణమ్మ. కానీ రోడ్డు సన్నం, బైకులు దగ్గరగా దూసుకుపోతాయి, ఒక్కోసారి పక్కగాలి నెడుతుంది. ఫోటో తీసుకోవాలంటే దిగి, సైకిల్‌ను పక్కకు తీసుకెళ్లి తీసుకోండి.

అవతల సీతానగరంలో కుడికి తిరిగితే ఉండవల్లి గుహలు దగ్గరే. కొండ ముందు కాసేపు కూర్చుని, ఎండ ముదరకముందే తిరిగొచ్చేయొచ్చు.

బెంజ్ సర్కిల్ నుంచి కృష్ణ మీది కనకదుర్గ వారధి దాకా హైవే జోలికి మాత్రం పోకండి. స్ట్రావా (సైకిల్ తొక్కేవాళ్లు తమ రైడ్లు నమోదు చేసుకునే యాప్) మ్యాప్‌లో సైకిళ్లు బాగా తిరుగుతున్నట్టు కనిపించినా సరే, వాళ్లు బాగా అలవాటున్నవాళ్లు కావచ్చు. ఏలూరు రోడ్డులో ఆటోలు చెప్పాపెట్టకుండా ఆగుతాయి, వాటి వెనక కాస్త దూరం ఉంచండి. దసరా నవరాత్రుల్లో బ్యారేజీ వైపు వద్దు.

కుక్కలు వెంటపడితే స్పీడు పెంచకండి. దిగి, సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య పెట్టుకుని మెల్లగా నడవండి. చీకట్లో బయల్దేరితే వెనక ఎర్ర లైటు తప్పనిసరి.