మిట్టమధ్యాహ్నం ఆగే సోలార్, అరవై ఇళ్లకు ఒకే పాస్‌వర్డ్

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక ఇన్‌స్టాలర్): 3 కిలోవాట్ల సోలార్ సిస్టం బిగించాం. పొద్దున బాగానే నడుస్తుంది. పన్నెండు దాటిందో లేదో ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని చూపించి ఆగిపోతోంది, కాసేపటికి దానంతటదే వస్తోంది. ఇన్వర్టర్ మార్చాల్సిందేనని కస్టమర్ పట్టుబట్టాడు.

జవాబు: ఇన్వర్టర్‌ని, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటి ఏసీగా మార్చే డబ్బాను, విప్పకండి. ఎండలు ముదిరే కొద్దీ ఇదే ప్రశ్న ఊరి పేరు మార్చుకుని వస్తూ ఉంటుంది. ముందు చూడాల్సింది దాన్నుంచి మీటరుకు వెళ్లే ఏసీ కేబుల్.

కరెంటును లైన్లోకి, అంటే గ్రిడ్‌లోకి, నెట్టాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి లైన్ కంటే కాస్త పైన ఉండాలి. ఎంత పైన అన్నది మధ్యలో ఉన్న తీగ తేలుస్తుంది. 3 కిలోవాట్లంటే నిండు ఎండలో 13 ఆంపియర్లు. మేడ మీది నుంచి మీటరు దాకా 40 మీటర్లు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ లాగారనుకోండి. ఫేజు, న్యూట్రల్ కలిపి 80 మీటర్లు, దాదాపు 0.6 ఓమ్‌లు, అంటే 8 వోల్టులు. మీటరు దగ్గర 246 ఉంటే ఇన్వర్టర్‌కి 254 కనిపిస్తుంది. వోల్టేజి 110 శాతం దాటితే, అంటే 230 మీద లెక్కేస్తే 253 దాటితే, రెండు సెకన్లలో లైన్ నుంచి తప్పుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనలు చెబుతున్నాయి. మీ ఇన్వర్టర్ ఆ పనే చేసింది. అదే దూరానికి 6 స్క్వేర్ ఎంఎం వేస్తే పెరిగేది మూడుంపావు వోల్టులు, 10 వేస్తే రెండు.

ఎండ బాగా ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు, రెండు మల్టీమీటర్లతో ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గరా, మీటరు దగ్గరా ఒకేసారి కొలవండి. తేడా ఐదు వోల్టులు దాటితే కేబుల్ మార్చండి, లేదా జాయింట్లు వెతకండి. అల్యూమినియం తీగను రాగి టెర్మినల్‌లో నేరుగా బిగించిన చోటు మొదటి అనుమానం. అక్కడ రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటల్ లగ్ ఉండాలి. తేడా లేకుండా మీటరు దగ్గరే 255 కనిపిస్తే అది డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) పని: ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజి దించాలి, లేదా ఆ వీధిలోని సోలార్లన్నీ ఒకే ఫేజు మీద పడకుండా సర్దాలి. రీడింగులు, తేదీ, సమయం రాసి ఫిర్యాదు ఇవ్వండి. ‘వోల్టేజి ఎక్కువుంది’ అని నోటిమాటగా చెబితే లైన్‌మన్ సాయంత్రం ఐదింటికి వచ్చి, 232 చూసి వెళ్లిపోతాడు.

కొందరు సెట్టింగుల్లోకి దూరి, వేరే దేశం గ్రిడ్ కోడ్ (ఆ దేశపు లైన్ పరిమితుల సెట్టింగు) ఎంచుకుని పరిమితిని 270 దాకా ఎక్కిస్తున్నారు. ట్రిప్ ఆగుతుంది, కస్టమర్ దండం పెడతాడు. అలా పెరిగిన 265 వోల్టులు తాగేది అతని ఫ్రిజ్జు, టీవీ, పక్కింటి వాళ్ల ఫ్యాన్లు. ఇది రిపేరు కాదు, మోసం.

ప్రశ్న (కరీంనగర్): ప్యానెల్‌తో వచ్చిన కనెక్టర్‌కి జోడీ దొరక్క, బజార్లో దొరికే ‘ఎంసీ4 కంపాటిబుల్’ రకం వేశాం. టక్కున పట్టేసింది, మల్టీమీటర్‌లో వోల్టేజి కూడా సరిగ్గానే ఉంది. వదిలేయొచ్చా?

జవాబు: వదిలేయొద్దు. మల్టీమీటర్ పెట్టినప్పుడు కరెంటు పారదు కాబట్టి లోపల పట్టు సరిగా లేకపోయినా వోల్టేజి బాగానే కనిపిస్తుంది. కరెంటు పారినప్పుడు లెక్క వేరు. పిన్ను దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉన్నా 13 ఆంపియర్లకు దాదాపు 17 వాట్ల వేడి, బొటనవేలంత ప్లాస్టిక్ లోపల చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. రెండు వేసవులకు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది. జోడీలో రెండు సగాలూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కావాలన్నది అంతర్జాతీయ ప్రమాణాల్లోనే ఉంది. ప్యానెల్ వైపు కనెక్టర్‌ని కోస్తే వారంటీ పోతుందన్న భయం ఉంటే, ప్యానెళ్లు ఆర్డరు పెట్టేటప్పుడే అదే కంపెనీ జోడీలు నాలుగు అదనంగా తెప్పించుకోండి. పెద్ద ఖర్చేం కాదు.

కనెక్టర్ పిన్నును తీగకు కటింగ్ ప్లేయర్‌తో నొక్కే అలవాటు మానండి. దానికి క్రింపింగ్ టూల్ ఉంది. నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూడండి. వెనక నట్టు స్పానర్‌తో బిగించాలి, వేళ్లతో బిగిస్తే వానాకాలం నీళ్లు దిగుతాయి. కనెక్టర్లు స్లాబు మీద పడి ఉండకూడదు, ఎండకు తట్టుకునే కేబుల్ టైలతో ఫ్రేముకు కట్టాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో వేలాడే తీగ ఏదైనా వాటికి ఉయ్యాలే, అక్కడ కేబుల్ మొత్తం పైపులో పోవాలి.

విప్పేటప్పుడు వరుస తప్పొద్దు: ముందు ఏసీ ఎంసీబీ (బ్రేకర్ స్విచ్చి), తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్చి), ఆ తర్వాత డీసీ క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అని చూసుకుని కనెక్టర్. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు సిరీస్‌లో ఉంటే దాదాపు 300 వోల్టుల డీసీ. ఏసీ సెకనుకు వందసార్లు సున్నా గుండా వెళ్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ తీగలా సాగుతుంది. డీసీడీబీలో, అంటే ప్యానెళ్ల వైపు డీసీ తీగల డబ్బాలో, ఏసీ ఎంసీబీ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అంతకన్నా కనిపించని తప్పు ఇంకొకటి: డీసీ ఎంసీబీల్లో చాలావాటికి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. లోపలి అయస్కాంతం రవ్వను ఒక దిక్కుకే తోస్తుంది. తలకిందులుగా కలిపితే మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. లోడు మీద ఆఫ్ చేసిన రోజున రవ్వ ఆరక డబ్బానే అంటుకుంటుంది. ఇప్పటికే బిగించినవి ఉంటే మూత తీసి ఆ గుర్తులు చూడండి.

ప్రశ్న (ఒంగోలు): కరెంటు పోతే సోలార్ కూడా పోతోంది. ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి సోలార్ ఇన్వర్టర్ కలిపితే లైన్ ఉందనుకుని నడుస్తుందట, నిజమేనా?

జవాబు: నడవొచ్చు, కాసేపు. మీది 3 కిలోవాట్లనుకుందాం; ఇంట్లో 300 వాట్లు వాడుతుంటే మిగిలిన 2700 వాట్లు ఎక్కడికి పోవాలి? వెనక్కి బ్యాటరీ ఇన్వర్టర్‌లోకే. ఆ కరెంటును తీసుకునేలా దాన్ని తయారు చేయలేదు. బోర్డు కాలుతుంది, లేదా బ్యాటరీ ఉబ్బుతుంది. కరెంటు పోయినప్పుడు సోలార్ ఆగడం లోపం కాదు, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీ కూడా కలుపుకునే, బ్యాకప్ అవుట్‌పుట్ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కొనాలి. అడ్డదారి లేదు.

ప్రశ్న (విజయవాడ పరిసరాల్లోని ఒక ఇన్‌స్టాలేషన్ సంస్థ): మేం పెట్టిన అరవై ఇళ్లూ ఇన్వర్టర్ యాప్‌లో ఒకే అకౌంటు కింద ఉన్నాయి. పాస్‌వర్డ్ మా కుర్రాళ్లందరికీ తెలుసు. ఒకడు మానేసి వేరే సంస్థలో చేరాడు. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అసలు ఈ పరిస్థితి వచ్చినందుకు ఆ కుర్రాణ్ణి అనుమానించి లాభం లేదు.

ఇన్‌స్టాలర్ హోదా ఉన్న లాగిన్ గ్రాఫులు చూడటానికే కాదు. చాలా ఇన్వర్టర్లను దాన్నుంచే ఆపొచ్చు, లైన్లోకి పంపే ఎగుమతిని సున్నాకి దించొచ్చు, పైన చెప్పిన వోల్టేజి పరిమితులు మార్చొచ్చు. ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున 180 కిలోవాట్లు ఒక్క పాస్‌వర్డ్ మీద ఆధారపడ్డాయి, అదీ బహుశా మీ సంస్థ పేరు పక్కన 123 పెట్టినది. దాడి చేసేవాడికి కరెంటు మీదే కన్నుండాలని లేదు. 2024లో జపాన్‌లో సుమారు 800 సోలార్ మానిటరింగ్ పరికరాలను చేజిక్కించుకుని, వాటి చాటున బ్యాంకు ఖాతాల్లో డబ్బు కాజేశారని అక్కడి పత్రికలు రాశాయి. వాడుకున్న లోపం అప్పటికే బయటపడినదే; ఆ పరికరాల్లో దాన్ని సరిచేయలేదు.

ఈ వారమే చేయండి. పాస్‌వర్డ్ మార్చి, అన్ని ఫోన్లలోంచి లాగవుట్ చేయించండి, రెండంచెల ధ్రువీకరణ ఉంటే పెట్టండి, ఉమ్మడి లాగిన్ తీసేసి మనిషికొకటి ఇవ్వండి. తర్వాత ప్రతి ఇంటి యజమాని నంబరుతో అతని అకౌంటు తెరిచి ప్లాంటును అతని పేరుకు బదిలీ చేయండి, మీరు సర్వీసు హోదాలో మాత్రమే ఉండండి. ‘పెద్దాయనకి యాప్ తెలీదండీ’ అనకండి; ఆయనకి తెలియకపోతే కొడుక్కి తెలుసు, ఆస్తి వాళ్లది.

ఆ పైన డాంగిల్, అంటే ఇన్వర్టర్‌ను ఇంటర్నెట్‌కు కలిపే చిన్న పరికరం. అది సొంతంగా ఒక వైఫై హాట్‌స్పాట్ వదులుతుంది, పేరులోనే సీరియల్ నంబరు, పాస్‌వర్డ్ 12345678 లేదా స్టిక్కర్ మీద అచ్చేసినది, సెట్టింగుల పేజీకి అడ్మిన్, అడ్మిన్. మీరు ఇంటి వైఫైకి కలిపాక కూడా చాలా డాంగిళ్లలో ఆ హాట్‌స్పాట్ ఆగదు. వీధిలో నిలబడిన ఎవడైనా అందులోకి రాగలడు. పాస్‌వర్డు మార్చండి, వీలుంటే హాట్‌స్పాట్ ఆపండి. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి డాంగిల్‌ను అందులో పెట్టండి, 2.4 గిగాహెర్ట్జ్ మీదే. పని పూర్తయిందని వాట్సాప్ స్టేటస్‌లో ఇన్వర్టర్ ఫొటో పెడతారు చూడండి, అందులో స్టిక్కర్ మీది సీరియల్ నంబరు, క్యూఆర్ కోడ్ స్పష్టంగా పడతాయి. కొన్ని యాప్‌లలో ప్లాంటును తన పేరున చేర్చుకోవడానికి అవి చాలు.

తప్పంతా మీదే అనను. ఇన్వర్టర్ మీద స్క్రీన్ తీసేసి మూడు లైట్లు మాత్రమే పెట్టే పద్ధతి ఒకటి మొదలైంది. 25 ఏళ్లు పనిచేస్తుందని వారంటీ రాసిచ్చే ప్యానెళ్లకు, యాప్ లేకపోతే యూనిట్లు కూడా చెప్పలేని డబ్బా జత! ఆ సర్వర్ మూతపడ్డ రోజున ఎర్ర లైటు ఎందుకు వెలిగిందో చెప్పే దిక్కుండదు. ఇక అప్‌డేట్లు: ఏం మారుస్తున్నారో ఒక్క ముక్క రాయరు, గ్రిడ్ సెట్టింగులు మొదటికి తిప్పేస్తారు, బ్యాటరీ లేని ఇన్వర్టర్‌కు పొద్దుగూకే వేళ పంపిస్తారు. ప్యానెళ్ల కరెంటుతో బతికే బోర్డు సగంలో ఆరిపోతే ఎవరి పూచీ? అప్‌డేట్ వస్తే ఉదయం పదకొండుకు, ఆకాశం తేటగా ఉన్నప్పుడు పెట్టండి; అంతకు ముందు గ్రిడ్ సెట్టింగుల పేజీలన్నీ ఫొటోలు తీసుకుని, అయ్యాక పోల్చి చూడండి. మీరు కొనే సరుకులో స్క్రీన్ ఉన్న మోడల్ ఉంటే వెయ్యో రెండు వేలో ఎక్కువైనా అదే తీసుకోండి.

ప్రశ్న (ఖమ్మం): ఇంటి వాడకం కోసం సీటీ పెట్టాం. పగలు యాప్‌లో వాడకం అసలుకంటే చాలా ఎక్కువ, రాత్రి మైనస్ చూపిస్తోంది.

జవాబు: సీటీ (తీగ చుట్టూ క్లిప్పులా పట్టి కరెంటు కొలిచేది) మీది బాణం తిరగబడింది. కేబుల్ విప్పక్కర్లేదు, మెయిన్ ఆఫ్ చేసి సీటీ క్లిప్పు తెరిచి, బాణం మీ ఇన్వర్టర్ మాన్యువల్ చెప్పిన దిక్కుకు తిప్పి పెట్టండి. కొన్నిటికి గ్రిడ్ వైపు, కొన్నిటికి ఇంటి వైపు. సీటీ అన్నది కరెంటు మీటరు తర్వాత మెయిన్ ఫేజు చుట్టూ మాత్రమే ఉండాలి, సోలార్ కలిసే చోటుకు మీటరు వైపున. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి దూరిస్తే ఎప్పుడూ సున్నాయే. రాత్రి ఏడు దాటాక 2 కిలోవాట్ల గీజర్ వేసి, యాప్‌లో గ్రిడ్ దిగుమతి రెండుకి పైన కనిపిస్తే సరిగ్గా కుదిరినట్టు. ఆ గ్రాఫ్ ఉమ్మడి లాగిన్‌లో పెట్టకండి, ఇంట్లో ఎవరూ లేని రోజులు అందులో స్పష్టంగా తెలుస్తాయి.