టెక్ సందేహాలు: స్పెక్ ఫైలు దొరికితే సరిపోదు

ప్రశ్న: మాది ఆహార ఉత్పత్తులు తయారుచేసే చిన్న సంస్థ. ఉత్పత్తుల స్పెసిఫికేషన్లు (స్పెక్‌లు, అంటే ఏమేం పదార్థాలున్నాయో తెలిపే వివరాలు) ఎక్సెల్‌లో, సప్లయర్లు పంపే పత్రాలు మెయిల్‌లో ఉంటాయి. ఆడిట్ అంటేనే టెన్షన్. వీటి కోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ కొనాలా? ఫోల్డర్లు చక్కగా సర్దుకుంటే చాలదా?

జవాబు: ఫోల్డర్లు సర్దితే ఫైలు దొరుకుతుంది, అంతవరకే. ఒక ముడిసరుకు మారితే మీ ఉత్పత్తుల్లో వేటివేటిలో తేడా వస్తుందో ఫోల్డర్ చెప్పదు.

మీరు చాకొలెట్ చిప్స్ కొంటున్నారనుకుందాం. వాటిలో లెసిథిన్ ఉంటుంది, అంటే చాకొలెట్ బాగా కలిసేందుకు వేసే పదార్థం. ఇన్నాళ్లూ పొద్దుతిరుగుడు లెసిథిన్ వాడిన సప్లయర్ ఇప్పుడు సోయా లెసిథిన్‌కు మారారు. చిప్స్ పేరు అదే, రంగు అదే. కొత్త స్పెక్ పీడీఎఫ్ మెయిల్‌లో వచ్చింది, ఎవరో ఫోల్డర్‌లో వేశారు. సోయా పడని మనిషి మాత్రం మీ పాత లేబుల్‌నే నమ్మి ప్యాకెట్ విప్పుతాడు. నన్నడిగితే, సాఫ్ట్‌వేర్ కొనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఆడిట్ సంగతి ఆ తర్వాతే.

మంచి సాఫ్ట్‌వేర్‌లో చిప్స్ లోపలి పదార్థాలు కూడా విడివిడిగా నమోదవుతాయి. సోయా అని వెతికితే అది ఉన్న ఉత్పత్తులన్నీ వరసగా కనిపిస్తాయి. నిబంధన మారినా ఇదే ఆదుకుంటుంది. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు 9వ ప్రధాన అలర్జెన్‌గా, అంటే అలర్జీ కలిగించే పదార్థంగా చేరాయి. యూరోపియన్ యూనియన్ జాబితాలో 14 ఉన్నాయి. అక్కడికి సరుకు పంపేవారు ప్రతి పీడీఎఫ్‌నూ మళ్లీ తెరిచి చదవగలరా?

డెమో చూసేటప్పుడు కంపెనీవాళ్ల నమూనా డేటాతో సరిపెట్టుకోకండి. మీ ఉత్పత్తుల్లో అన్నిటికంటే చిక్కుగా ఉన్నదాన్ని అప్పటికప్పుడు ఎక్కించమనండి. పోయిన ఏడాది ఫలానా బ్యాచ్ తయారైన రోజున అమల్లో ఉన్న స్పెక్ వెర్షన్ చూపించమని అడగండి. అలర్జెన్ గడిని సప్లయర్ ఖాళీగా వదిలేస్తే అది ‘లేదు’ అని పడుతుందా, ‘జవాబు రాలేదు’ అని పడుతుందా అన్నది తప్పకుండా చూడండి. ఖాళీని ‘లేదు’గా లెక్కేసే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. సర్టిఫికెట్ల గడువు గుర్తుచేసే సదుపాయం దాదాపు అన్నిటిలో ఉంటుంది. రేపు మీరు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలనుకుంటే డేటా, పత్రాలు కలిపి బయటికి తీసుకోవచ్చో లేదో మాత్రం రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఒక హెచ్చరిక. ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొన్నా, సప్లయర్లు వివరాలు నింపకపోతే అది ఖాళీ గూడే. అందరికీ ఒకేసారి లాగిన్లు పంపకండి. అలర్జెన్లున్న ముడిసరుకులిచ్చే నలుగురైదుగురితో మొదలుపెట్టి, మొదటిసారి ఫోన్‌లో పక్కనుండి నింపించండి.

ప్రశ్న: ఉత్పత్తుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికగా) చేసి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తుంటే బార్‌కోడ్ నంబర్లు తప్పుగా వస్తున్నాయి. కొన్నిటికి ముందున్న సున్నా కూడా పోయింది. ఎందుకు?

జవాబు: తప్పు జరుగుతున్నది ఎక్సెల్‌లో. అది బార్‌కోడ్‌ను మామూలు సంఖ్య అనుకుని ముందున్న సున్నాను తీసేస్తుంది. 12 అంకెలు, అంతకు మించి ఉంటే 8.9E+11 లాంటి రూపంలోకి కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే కుదించినదే ఫైలులోకి వెళ్తుంది, అసలు అంకెలు పోతాయి. ప్యాలెట్లపై ఉండే 18 అంకెల కోడ్ అయితే మరీ నష్టం, 15 అంకెల తర్వాతవన్నీ సున్నాలైపోతాయి.

నంబర్లు పేస్ట్ చేయకముందే ఆ కాలమ్ ఫార్మాట్‌ను ‘టెక్స్ట్’కు మార్చండి. సీఎస్‌వీని డబుల్ క్లిక్‌తో తెరవకుండా ‘డేటా’ మెనూలోంచి దిగుమతి చేసుకుని, అక్కడా ఆ కాలమ్‌కు టెక్స్ట్ ఎంచుకోండి. ఇప్పటికే పాడైన వాటిని ఊహించి సరిచేయకండి. ప్యాకెట్ చేతిలోకి తీసుకుని చూసి కొట్టండి. బార్‌కోడ్‌లో చివరి అంకె ముందున్న అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేదే కాబట్టి, ఒక అంకె తప్పు కొట్టినా దాన్ని సరిచూసే సాఫ్ట్‌వేర్ అక్కడే ఆపేస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ తనిఖీ ఆన్‌లో ఉందేమో చూసుకోండి.