కొత్త పికప్ బండి ఇంజన్ మాటిమాటికీ ఆగిపోతోంది, వారంటీ రాదంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, 16 నెలల కింద ఫైనాన్స్ మీద కొత్త డీజిల్ పికప్ తీసుకున్నాను. డ్రైవర్‌ని పెట్టలేదు, నేనే తోలుకుంటాను, మార్కెట్ లోడ్లు కొట్టుకుని బతుకుతున్నాం. నాలుగో నెల నుంచే చెక్ ఇంజన్ లైటు వెలగడం, ఎత్తుల మీద బండి లాగకపోవడం, ఇంజన్ ఆయిల్ లెవల్ తగ్గాల్సింది పోయి పెరగడం మొదలైంది. ఇప్పటికి 5 సార్లు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పెట్టాను. మొన్న రోడ్డు మీదే ఆగిపోతే లాక్కెళ్ళారు, ఇంజన్ విప్పాలంటున్నారు. తిరిగింది 38 వేల కిలోమీటర్లే, వారంటీ 3 ఏళ్ళు ఉంది. కానీ ఓవర్‌లోడ్ వేశావు, బయట ఆయిల్ పోశావు, వారంటీ రాదు, డబ్బు కడితేనే విప్పుతాం అని నోటితో చెప్తున్నారు. ఎల్లో బోర్డు బండికి కన్జ్యూమర్ కోర్టు చెల్లదని తెలిసినాయన అన్నాడు, నిజమేనా? కొత్త బండి అడగొచ్చా? ఈఎంఐలు ఆపేయొచ్చా?

జవాబు: ముందు మీకు అర్జెంటుగా చెప్పాల్సింది ఒకటుంది, ఆ ఇంజన్ ఇంకా విప్పలేదు కదా, మీరు లేకుండా విప్పనివ్వకండి. ఇప్పుడే సర్వీస్ మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టండి, మెయిల్ లేకపోతే తెల్ల కాగితం మీద రాసి ఇచ్చి కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. అందులో మూడు మాటలు చాలు: నా సమక్షంలోనే ఇంజన్ విప్పాలి, నన్ను వీడియో తీసుకోనివ్వాలి, విప్పిన పార్టులు, అంటే పిస్టన్లు, బేరింగులు, ఇంజెక్టర్లు, టర్బో ఏదైనా సరే, స్క్రాప్‌లో పడేయకుండా నా బండి నంబర్ రాసి పక్కన పెట్టాలి. పాత ఆయిల్ పారబోసే ముందు ఒక సీసాలో కొంచెం తీసి సీల్ చేసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఇదంతా అతి అనిపించొచ్చు గానీ నేను చూసిన ఇంజన్ కేసుల్లో సగం ఓడిపోయేది ఇక్కడే, కోర్టుకి వచ్చేసరికి చూపించడానికి అసలు పార్టే ఉండదు.

ఇప్పుడు ఆ ఎల్లో బోర్డు సంగతి. మీకు చెప్పినాయన సగం నిజం చెప్పాడు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(7) ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్ళు కన్జ్యూమర్ కిందకి రారు, కానీ అదే సెక్షన్ కింద వివరణ ఉంది, మనిషి తన బతుకుదెరువు కోసం, స్వయం ఉపాధి కోసం మాత్రమే కొని తానే వాడుకునే వస్తువు వ్యాపార ప్రయోజనం కిందకి రాదని. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయం విడమరిచి చెప్తూ అచ్చం మీలాంటి వాళ్ళనే ఉదాహరణగా చెప్పింది, లారీ కొని తానే కిరాయికి తోలుకునే మనిషి కన్జ్యూమరే, ఆటో కొని తానే నడుపుకునేవాడూ కన్జ్యూమరే అని. తోడుగా ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా అందులో ఉంది, కాబట్టి లోడింగ్‌కి ఒక కుర్రాడిని పెట్టుకున్నా భయం లేదు. బండి కొని పూర్తిగా జీతం డ్రైవర్ చేతికి ఇచ్చేసిన వాళ్ళకి, నాలుగైదు బండ్లు తిప్పేవాళ్ళకి మాత్రం ఇది కష్టం.

అయితే ఈ మాట కంప్లైంట్‌లో రాయకపోతే ఎవరూ మీ తరఫున ఊహించుకోరు. మొదటి పేరాలోనే నా కుటుంబానికి ఈ బండే ఆధారం, నేనే స్వయంగా నడుపుతున్నాను, నాకు వేరే బండి లేదు అని స్పష్టంగా రాసి అఫిడవిట్‌లో కూడా పెట్టండి. మీ డ్రైవింగ్ లైసెన్స్ కాపీ జత చేయండి. లైసెన్స్ మీద ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి మోటారు వాహనం అని మాత్రమే ఉంది, ట్రాన్స్‌పోర్ట్ అని లేదు అని అవతలి లాయరు లేవనెత్తితే కంగారు పడకండి, 7500 కిలోల లోపు రవాణా బండికి ఎల్‌ఎంవీ లైసెన్స్ సరిపోతుందని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తేల్చేసింది.

అసలు కేసు నిలబడేది జాబ్ కార్డుల మీద, అంటే బండి సర్వీస్‌కి ఇచ్చినప్పుడు మీ కంప్లైంట్ రాసుకునే కాగితాల మీద. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క కాగితం విషయంలో జనం ఎంత నష్టపోతున్నారో చూస్తుంటే బాధేస్తుంది. మీరు కౌంటర్ దగ్గరికి వెళ్ళి బండి లాగట్లేదు, లైటు వెలుగుతోంది, ఆయిల్ పెరుగుతోంది అని పది నిమిషాలు చెప్తారు, ఆ సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో జనరల్ చెకప్ అని రెండు ముక్కలు కొడతాడు, మీరు తొందర్లో సంతకం పెట్టేస్తారు. రెండేళ్ళ తర్వాత కన్జ్యూమర్ కమిషన్, అంటే మనం కన్జ్యూమర్ కోర్టు అనేదాని ముందు కంపెనీ లాయరు అదే కాగితం తీసి చూడండి, ఇంజన్ కంప్లైంటే లేదు, మామూలు సర్వీసింగ్‌కి వచ్చాడు అంటాడు. అప్పుడు మీరెంత మొత్తుకున్నా కాగితం మీద ఉన్నదే లెక్క. ఆ 5 సార్లవీ జాబ్ కార్డులు, ఇన్‌వాయిస్‌లు అన్నీ ఇప్పుడే అడిగి తీసుకోండి, వాళ్ళ సిస్టంలో బండి సర్వీస్ హిస్టరీ మొత్తం ఉంటుంది, ప్రింటు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. స్కానర్ పెట్టినప్పుడు వచ్చిన ఫాల్ట్ కోడ్ల ప్రింటు కూడా అడగండి, ఏ తేదీన ఏ కోడ్ వచ్చిందో ఉంటే అది మీ మాట కంటే బలమైన సాక్ష్యం. జాబ్ కార్డులో మీ కంప్లైంట్ సరిగా రాయలేదని తెలిస్తే ఆ తేదీ చెప్తూ ఆ రోజు నేను చెప్పిన సమస్య ఇదీ అని ఇప్పుడైనా మెయిల్ పెట్టి ఉంచండి. అప్పట్లో పెట్టిన వాట్సాప్ మెసేజులు, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగిన ఫోటోలు ఉంటే ఫోన్ మార్చేటప్పుడు పోగొట్టుకోకండి.

ఆయిల్ పెరుగుతోందన్నారు కాబట్టి ఒక టెక్నికల్ మాట. బీఎస్6, అంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం చేసిన డీజిల్ బండ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది, అది నిండినప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ కొట్టి వేడి పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. అది పూర్తయ్యేలోపు బండి ఆపేస్తూ ఉంటే, లేదా ఇంజెక్టర్ కారుతుంటే, ఆ డీజిల్ కొంత కిందికి దిగి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది, అందుకే లెవల్ పెరుగుతుంది, ఆయిల్ పలచబడి బేరింగులు, టర్బో అరిగిపోతాయి. మీ బండిలో అదే జరిగిందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, అది ఎక్స్‌పర్ట్ చెప్పాలి. కానీ మీ కేసులో అసలు గొడవ ఓవర్‌లోడ్ దగ్గర కాకుండా ఇక్కడ తిరిగే అవకాశం ఉంది, రేపు వాళ్ళు మీరు తక్కువ దూరాలు తిప్పి ఆపేశారు, తప్పు మీ డ్రైవింగ్‌ది అనొచ్చు. దానికి మీ జవాబు సిద్ధంగా ఉండాలి: ఊళ్ళో సరుకు తోలుకోడానికి అమ్మిన బండి ఊళ్ళో తిరగడానికి పనికిరాకపోతే అది లోపమే, అలాంటి జాగ్రత్త ఏదైనా ఉంటే డెలివరీ రోజు చెప్పారా, ఓనర్స్ మాన్యువల్లో ఉందా, ఆయిల్ పెరుగుతోందని నేను మొదటిసారి వచ్చినప్పుడే ఎందుకు కారణం వెతకలేదు అని. ముఖ్యంగా ఆ చివరి ప్రశ్న. నాలుగో నెలలో చెప్పిన జబ్బుని 16వ నెల దాకా లాగి ఇంజన్ పోయాక తప్పు నీదే అంటే అది సేవాలోపం, బండిలో లోపం ఉందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా సర్వీస్ సెంటర్ మీద నిలబడే ఆరోపణ.

వారంటీ రాదన్న మాట నోటితో ఒప్పుకోకండి. ఏ కండిషన్ కింద రాదంటున్నారో, ఏ ఆధారంతో ఓవర్‌లోడ్ అంటున్నారో రాసిమ్మని అడగండి. రాసిస్తే వాళ్ళు ఆ కారణానికి కట్టుబడాలి, రాసివ్వకపోతే మీరు అడిగిన మెయిలే మీకు సాక్ష్యం. ఓవర్‌లోడ్ మీద చలాన్లు ఏమైనా ఉన్నాయేమో మీరే ముందు ఆన్‌లైన్‌లో చూసుకోండి, ఉంటే నాలాంటి లాయరు దగ్గర దాచకండి, ఎదుటివాళ్ళు తీసేదాకా ఆగితే కేసు అక్కడే కూలుతుంది. కాటా చిట్టీలు, లోడు బిల్లులు ఉంటే ఆర్‌సీలో ఉన్న బరువుతో సరిచూసి దాచుకోండి. బయట ఆయిల్ విషయం కూడా అంతే, మాన్యువల్లో చెప్పిన గ్రేడే పోశారని బిల్లు ఉంటే ఆ వాదన చాలావరకు పడిపోతుంది.

ఇక కొత్త బండి వస్తుందా? నిజం చెప్పాలంటే అది తేలిక కాదు. చట్టంలో సెక్షన్ 39 కింద కమిషన్ లోపం సరిచేయమనొచ్చు, కొత్త వస్తువు ఇవ్వమనొచ్చు, డబ్బు వెనక్కి ఇవ్వమనొచ్చు, పరిహారం ఇప్పించొచ్చు, అధికారం అయితే ఉంది. కానీ 2006లో మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గాబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు వారంటీలో పార్టు మార్చడం, రిపేరు చేయడం అని ఉంటే మొత్తం కారు మార్చమనడం కుదరదని చెప్పింది, కంపెనీలన్నీ ఈ తీర్పునే ముందు పెడతాయి. మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ ఉందని, దాన్ని బాగుచేసే అవకాశం లేదని ఎక్స్‌పర్ట్ రిపోర్టుతో తేలితే కథ వేరు. అందుకని నేనైతే కొత్త బండి ఒక్కటే అడగను. కొత్త బండి ఇవ్వండి, లేదంటే డబ్బు వడ్డీతో ఇవ్వండి, అదీ కాదంటే కొత్త ఇంజన్ అసెంబ్లీ పూర్తిగా ఫ్రీగా వేసి దానికి కొత్తగా వారంటీ ఇవ్వండి, వీటిలో ఏదైనా సరే దానితోపాటు బండి షెడ్డులో పడున్న రోజులకి పోయిన సంపాదన, మానసిక వేదన, ఖర్చులు ఇప్పించండి అని వరసగా అడుగుతాను. సంపాదనకి లెక్క కావాలి, కిరాయి బిల్లులు, ఫోన్‌పే ఎంట్రీలు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఉంచండి. మీలాంటి కేసుల్లో ఇంజన్ మార్పిడి, పరిహారం అనేది చేతికందే ఫలితం, దాన్ని ఓటమి అనుకోకండి.

ఎక్స్‌పర్ట్ రిపోర్టు కోసం సెక్షన్ 38 కింద బండిని తగిన ల్యాబ్‌కి పంపమని దరఖాస్తు పెట్టాలి, ఫీజు ముందు మీరే డిపాజిట్ చేయాల్సి ఉంటుంది. ఇది కంప్లైంట్‌తో పాటే అడిగేయండి, ఏడాది తర్వాత గుర్తొచ్చి అడిగితే అప్పటికి బండి తుప్పు పడుతుంది.

ఈ మధ్య చాలామంది ప్రోడక్ట్ లయబిలిటీ, అంటే వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు బాధ్యత అనే అధ్యాయం కింద కేసు వేద్దామంటున్నారు, కొత్త చట్టంలో కొత్త మాట కాబట్టి ఆకర్షణగా ఉంది. మీకది పనికిరాదు. అక్కడ హాని అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే ఆ వస్తువుకి జరిగిన నష్టం రాదని తీసేశారు. ఇంజన్ వల్ల మంట పుట్టి మనిషికి దెబ్బ తగిలితే అది వేరే సంగతి. మీ దారి లోపమున్న వస్తువు, సేవాలోపం, ఈ రెండే.

పార్టీలుగా కంపెనీని, అమ్మిన డీలర్‌ని, సర్వీస్ సెంటర్ వేరే వాళ్ళదైతే వాళ్ళని కూడా పెట్టండి, కానీ ఎవరి తప్పు ఏంటో విడివిడిగా రాయండి. డీలర్ సొంతంగా చేసిన తప్పుకి కంపెనీని ఊరికే కట్టేయలేమని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తయారీ లోపం, వారంటీ నిరాకరణ కంపెనీ మీద, సరిగా చూడకపోవడం సర్వీస్ సెంటర్ మీద.

కేసు మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. బండికి మీరు కట్టిన ధర 50 లక్షల లోపే కాబట్టి జిల్లా సరిపోతుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400 రూపాయలు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్లో వేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు, అయినా ఎక్స్‌పర్ట్ రిపోర్టు మీద వాదన ఉంటుంది కాబట్టి ఇలాంటి కేసుకి ఒకరిని పెట్టుకోమనే అంటాను. దానికి ముందు 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి, 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ రిజిస్టర్ చేయండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. కేసు వేశాక నోటీసు అందిన దగ్గర్నుంచి కంపెనీ 30 రోజుల్లో జవాబు వేయాలి, మహా అయితే ఇంకో 15 రోజులు, ఆ 45 దాటితే తీసుకోవడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, ఆ తేదీ మీరే రాసిపెట్టుకుని గుర్తుచేయండి.

ఈఎంఐలు మాత్రం ఆపకండి. మీ బాధ నాకర్థమవుతోంది, షెడ్డులో ఉన్న బండికి నెలనెలా కట్టడం కడుపు మండే పనే. కానీ ఫైనాన్స్ వాడితో ఒప్పందం వేరు, బండి పాడైందన్నది వాడికి వాదన కాదు. ఆపితే సిబిల్ స్కోరు పోతుంది, బండి సీజ్ అయితే మీ కేసుకి ఉన్న ఏకైక సాక్ష్యం వేరేవాళ్ళ చేతికి పోతుంది. కట్టిన వాయిదాలని నష్టంలో కలిపి అడగండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు, యాక్సిడెంట్ కాని మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో రాదు.

ఇంటి పరిస్థితి బాగోక డబ్బు కట్టి బండి రిపేరు చేయించుకోక తప్పదు అనుకుంటే, అదీ తప్పు కాదు. డబ్బు ఆన్‌లైన్‌లో కట్టండి, బిల్లు మీద, డెలివరీ కాగితం మీద అభ్యంతరంతో, నా హక్కులు వదులుకోకుండా కడుతున్నాను అని చేత్తో రాసి సంతకం పెట్టండి, వాళ్ళు ఇచ్చే సాటిస్‌ఫాక్షన్ ఫారం మీద ఊరికే సంతకం పెట్టకండి. రాజీకి పిలిచినా అంతే, మిగతా క్లెయిములన్నీ వదులుకుంటున్నట్టు ఒక లైను చివర్లో ఇరికిస్తారు, అది చదివాకే పెన్ను తీయండి. కొత్త ఇంజన్ వేస్తే దాని నంబరు ఆర్‌సీలో, ఇన్సూరెన్స్‌లో మార్పించుకోండి, లేకపోతే రేపు చెకింగ్‌లోనో క్లెయిములోనో ఇంకో తలనొప్పి.

కేసు వేయడానికి గడువు 2 ఏళ్ళు, సెక్షన్ 69. నిరాకరించిన రోజు నుంచి లెక్కపెట్టొచ్చని వాదించొచ్చు గానీ మీరు ఆ వాదన మీద ఆధారపడకండి, మొదటి జాబ్ కార్డు తేదీ నుంచే లెక్కేసుకోండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ తేదీకి ఇప్పటికి ఏడాది అయింది, మిగిలింది ఏడాదే, మధ్యలో వాళ్ళతో నడిపిన మెయిళ్ళు, చూస్తాం చేస్తాం అన్న ఫోన్లు ఆ గడువుని పొడిగించవు.