కోర్టు తీర్పుల వల్ల కాలేజీ సీట్ల రిజర్వేషన్లు నిజంగా మారాయా?

ఎంత మారాయో మా ఇంట్లోనే చూపిస్తాను. మా అన్నకీ నాకూ మూడేళ్లే తేడా. ఆ మూడేళ్ల మధ్యలో ఒక సుప్రీంకోర్టు తీర్పు పడింది.

మాది పుత్తూరు దగ్గర పల్లె, మాదిగ కుటుంబం. నాయన బస్టాండులో చెప్పులు కుట్టేవాడు. అప్పట్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీల 15 శాతాన్ని ఎ, బి, సి, డి అని నాలుగు భాగాలు చేశారు. మా బి గ్రూపుకి 7 శాతం. అన్నకి 2002లో ఆ కోటాలోనే తిరుపతిలో ఇంజినీరింగ్ సీటొచ్చింది. 2004 నవంబరులో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. ఎస్సీలంతా ఒకే వర్గం, రాష్ట్రం దాన్ని విడగొట్టకూడదు అంది.

2005లో కౌన్సెలింగ్‌కి నాయనా నేనూ పోయినాం. నా ర్యాంకు అన్నకి వచ్చినదానికన్నా మెరుగు, అందుకే టెన్షన్ లేదు. నాయన లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ ఇస్తే, టేబుల్ దగ్గరాయన 'గ్రూప్-బి' అన్న చోట గోటితో తట్టి "ఇది ఇప్పుడు లెక్కలోకి రాదు" అన్నాడు. నా వంతు వచ్చేసరికి తిరుపతి కాలేజీ పక్కన ఎస్సీ గడిలో సున్నా. బయట మెట్ల మీద కూర్చుని ఎస్సీల్లోనే పక్క కులం వాళ్లని తిట్టాను. నాయన నా భుజం పట్టుకుని "వాళ్లూ మన మాదిరి కూలోళ్ల బిడ్డలే రా, వాళ్లనేం అనొద్దు" అన్నాడు. చివరికి దూరంగా ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. హాస్టల్‌కి రెండు మేకలు అమ్మినాం.

ర్యాంకుల గురించి వాదించేవాళ్లు ఇంట్లో మొదట చదివింది ఎవరని ఒక్కసారైనా అడగరు. ఆ మాట నాకు ఇప్పటికీ మంటే.

ఈ కథ పాతదే. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు, కాలేజీ సీట్లని కులాల వారీగా పంచే కమ్యూనల్ జీవోని కొట్టేసినప్పుడు మన చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పార్లమెంటు అదే ఏడాది రాజ్యాంగాన్ని సవరించి, వెనుకబడిన వర్గాలకీ ఎస్సీ ఎస్టీలకీ ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే 15(4) తెచ్చింది. అంత తొందరగా సరిదిద్దారు. మాకు మాత్రం ఇరవై ఏళ్లు పట్టింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు వర్గీకరణ చెల్లుతుందన్నారు. 2025లో ఏపీలో మూడు గ్రూపులు చేసి 1, 6.5, 7.5 శాతం ఇచ్చారు.

అన్న కూతురు ఇప్పుడు ఇంటర్. మొన్న నా పాత సర్టిఫికెట్ బీరువాలో దొరికితే "చిన్నాయనా, నాది కూడా ఇదే గ్రూపా?" అని అడిగింది. ఇప్పుడు రెండో గ్రూపమ్మా అన్నాను.